మూడో చరణం ఉద్గీర్‌లో ఉంది

నేను మట్కా నడుపుతున్నానని మా లైబ్రరీకి వచ్చే ఒక పెద్దమనిషి నాలుగు రోజులపాటు నమ్మారు. ఆయన రిటైరైన లెక్కల పంతులు. పొద్దున పదింటికి వచ్చి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, పేపర్లన్నీ వరుసగా చదివి ఒంటిగంటకు లేచి వెళ్తారు. ఆ నాలుగు రోజులూ పేపరు చాటు నుంచి ఆయన విన్నది ఇదీ: నేను ఫోన్ చెవికి ఆనించుకుని "ఏడు, నాలుగు, బి, సున్నా, సున్నా, ఎఫ్, తొమ్మిది" అని చదువుతున్నాను. అవతల బీదర్ నుంచి ఎవరో మగమనిషి అవే అంకెలు తిరిగి అప్పజెబుతున్నాడు. ఒక వరుస పూర్తయినప్పుడల్లా నేను కుర్చీలో ఎగిరి "కలిసింది సార్, కలిసింది" అంటున్నాను.

అయిదో రోజు ఆయన నా టేబుల్ దగ్గరికి వచ్చి, చుట్టూ చూసి, గొంతు బాగా తగ్గించారు.

"అమ్మా, నీకు ఇద్దరు ఆడపిల్లలున్నరు. గీ నంబర్లాట మంచిది కాదు. మా చిన్నోడు దీంట్లనే పొలం పోగొట్టుకున్నడు."

నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. అర్థమయ్యాక నవ్వు ఆపుకోలేక టేబుల్ మీద తల పెట్టేశాను. తల ఎత్తి చూస్తే ఆయన మొహం చిన్నబోయి ఉంది. సిగ్గేసింది. కుర్చీ వేసి, కూర్చోబెట్టి, సంగతంతా మొదటినుంచి చెప్పాను.

మాది జహీరాబాద్ బస్టాండ్‌కు దగ్గర్లో, ట్రాక్టర్ సామాన్ల దుకాణం పైన, మేడ మీద రెండు గదుల లైబ్రరీ. ఒక ట్రస్టు వాళ్లు నడుపుతారు. పుస్తకాలిచ్చేదీ, దుమ్ము దులిపేదీ, తాళం వేసేదీ నేనే. సంత రోజున ఊళ్లనుంచి వచ్చిన ఆడవాళ్లు షేర్ ఆటోలు నిండేదాకా మా మెట్ల మీద నీడన కూర్చుంటారు. అలా పరిచయమైంది అవ్వ. ఝరాసంగం వైపు ఒక ఊరు ఆమెది. అల్లం, కందులు అమ్ముకుపోవడానికి వస్తుంది. పొడుగు మనిషి, మాట తక్కువ. ఆమెతో ఎప్పుడూ ఆమె యారాలు, అంటే తోడికోడలు, ఉంటుంది. పొట్టి మనిషి, మాట ఎక్కువ. అన్నదమ్ములను చేసుకుని నలభై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్న ఆ ఇద్దరూ ఒకరిని విడిచి ఒకరు సంతకు రాగా నేను చూడలేదు.

మొదటిసారి మంచినీళ్ల కోసం పైకి వచ్చిన అవ్వ బీరువాల వంక చూసి, ఇన్నీ ఎవరు చదువుతారని అడిగింది. పెద్దగా ఎవరూ చదవరని నిజమే చెప్పాను. "మరి పురుగు పడ్తది గద," అంది, కందుల సంచి గురించి మాట్లాడినంత మామూలుగా.

ట్రస్టు వాళ్లు నాకొక అరచేతిలో పట్టే రికార్డర్ ఇచ్చారు. ఇక్కడి మాట, ఇక్కడి పాట పోగు చెయ్యమన్నారు. నేను ఊళ్లేమీ తిరగలేదు. మెట్ల మీదికే వచ్చేవాళ్లను కూర్చోబెట్టి రికార్డు చేశాను. అల్లం విత్తనం ఎలా దాస్తారు, ఏ గాలి వస్తే వాన రాదు, పుట్టిల్లు కర్ణాటకలో ఉన్నవాళ్లు పిల్లలను ఏ భాషలో తిడతారు, అన్నీ. ఒక సంత రోజున అవ్వా, ఆమె యారాలూ పెళ్లిలో మగపెళ్లివాళ్లను ఎగతాళి చేసే పాట ఒకటి పాడారు. మెట్ల మీద ఉన్నవాళ్లంతా పొట్టలు పట్టుకున్నారు. కింద దుకాణంలోవాళ్లు బేరం ఆపి విన్నారు.

ఏ రోజు రికార్డులు ఆ రోజు కార్డులోంచి కంప్యూటర్‌లోకి, అక్కణ్నుంచి ఒక హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, కంప్యూటర్‌లోవి చెరిపేసి, డిస్క్‌ను జాకెట్టు గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేదాన్ని. నిండిన కార్డులను పారేయడానికి మనసొప్పక ఒక స్వీటు డబ్బాలో వేసేదాన్ని. అంతకంటే భద్రం ఏముంటుందనుకున్నాను.

హైదరాబాద్‌లో రెండు రోజుల శిక్షణకు పంపితే కళ్లు తిరిగాయి. చల్లటి హాల్లో, పెద్ద పెద్ద సంస్థలవాళ్లు, గదులకు గదులు నిండిన మెషీన్ల బొమ్మలు చూపించారు. ఏ డిస్క్ అయినా ఏదో ఒక రోజు పోతుందట. పోయేముందు చెప్పదట. కనీసం మూడు కాపీలుండాలి, అవి ఒకే ఊళ్లో ఉండకూడదు, కాగితానికి చెదలు పట్టినట్టు ఫైళ్లు కూడా లోలోపల చెడుతుంటాయి కాబట్టి నెలనెలా సరిచూసుకోవాలి. నేను జాకెట్టు గుడ్డను తలుచుకుని కుర్చీలో కిందికి జారిపోయాను. చివరి వరుసలో నాతోపాటు ఇంకో ఇద్దరు అలాగే జారి ఉన్నారు.

ఒకాయన బీదర్‌లోని ఒక లైబ్రరీలో పనిచేస్తారు. రిటైర్‌మెంట్‌కు దగ్గరపడ్డ మనిషి. కన్నడ, దక్నీ ఉర్దూ కథలు క్యాసెట్ల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించి పెట్టుకున్నారు. రెండో ఆవిడ ఉద్గీర్ నుంచి వచ్చింది, నాకంటే పదేళ్లు చిన్నది, మరాఠీ తిరగలి పాటలు పోగు చేస్తుంది. మధ్యాహ్నం అన్నాల వరుసలో ముగ్గురం ఒకరి వెనక ఒకరం నిలబడ్డాం. బీదర్ సార్ సరిహద్దు తెలుగులో అన్నారు:

"మనకు గంత పెద్ద మిషన్లు యాడ్నుంచి వస్తయమ్మా. నాది మీ అల్మార్ల పెట్టుకోన్రి, మీది నా అల్మార్ల పెడ్త. అయిపాయె."

ఆయన ఏమన్నారని ఉద్గీర్ మేడం అడిగితే హిందీలో చెప్పాను. ఆమె చేతిలోని అప్పడం పైకెత్తి, మూడో అల్మారా నాది అంది. ఒప్పందం అక్కడే అయిపోయింది. శిక్షణ కాగితం వెనకవైపు రాసుకుని ముగ్గురం సంతకాలు పెట్టాం. రెండో రోజంతా చెప్పేది వినలేదు. స్కూలు పిల్లల్లా చీటీలు మార్చుకుంటూ కూర్చున్నాం. జహీరాబాద్, బీదర్, ఉద్గీర్ మూడూ ఒకే రైలు దారిలో ఉన్నాయని, మూడు రాష్ట్రాలని, మూడు భాషలని తలుచుకున్న కొద్దీ నవ్వొచ్చేది. ఉద్గీర్ మేడం నన్ను "తాయీ" అని పిలిచేది. మరాఠీలో అక్క అని అర్థం. కన్నడంలో తాయి అంటే తల్లి. ఇంత వయసు తేడా లేదే, తల్లి ఎలా అయిందా అని బీదర్ సార్ ఒక పూటంతా ఆలోచించారట.

తిరిగొచ్చాక సంత రోజున అవ్వకు చెప్పాను, నీ పాట మూడు ఊళ్లలో దాస్తామని. అప్పటికి ఆమె మెట్ల మీద కూర్చుని జొన్నరొట్టె తింటోంది.

"గదేం కొత్త ముచ్చట బిడ్డా," అంది. "కంది విత్తనం నేను ఒక్కింట్ల ఉంచుతనా? నా బిడ్డింట్ల జర, మా యారాలి తల్లిగారింట్ల జర. ఎలుక ఒకింట్లకు వస్తది. మూడిండ్లకు ఒక్కనాడే రాదు."

నా రెండు రోజుల శిక్షణ ఆమె రొట్టె ముక్క నమిలేంతలో అయిపోయింది. ఆ మాట రాసి ఇద్దరికీ పంపాను. బీదర్ సార్ దాన్ని కన్నడంలో రాసుకుని తన కంప్యూటర్ పైన అంటించారు.

మొదట ఉద్గీర్ మేడమే వచ్చింది. ఆమెకు ఆగడం చేతకాదు. శిక్షణ అయిన వారానికే రైలు దిగి, చేతిలో ల్యాప్‌టాప్ సంచితో మా మెట్లెక్కింది. ఆ రోజు కరెంటు లేదు. మా కంప్యూటర్ లేవలేదు. ఆమె ఏమీ కంగారుపడకుండా స్వీటు డబ్బాలోని కార్డులు ఒక్కొక్కటే తీసి తన ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని అన్నీ నేరుగా ఎక్కించుకుంది. ఉక్కలో ఇద్దరం పాత అట్టలతో విసురుకుంటూ, ఒకరి భాష ఒకరికి సగమే అర్థమవుతుండగా, సాయంత్రం దాకా కబుర్లాడాం.

బీదర్‌కు నేను వెళ్లాను, రెండు వారాల తర్వాత. హార్డ్ డిస్క్‌ను టిఫిన్ బాక్సులో, టిఫిన్ బాక్సును ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. గుంత వచ్చినప్పుడల్లా బాక్సును రెండు చేతులతో గాల్లోకి లేపాను. అంత జాగ్రత్తగా ఏం తీసుకుపోతున్నావని కండక్టర్ అడిగాడు. పాటలన్నాను. అయితే ఒకటి పాడమన్నాడు, నన్ను ఆటపట్టించడానికే. నాకేమైందో, అవ్వ పాటలోని మొదటి చరణం పాడేశాను.

"పిల్లగాని మీసాలు జొన్నకంకి నూగు
ఊదితే రాలిపాయె ఓ వదినలాలా."

పక్క సీటు ఆవిడ, నాకు ముఖపరిచయం కూడా లేని మనిషి, అదే వరసలో కన్నడంలో అందుకుంది. బస్సు సగం నవ్వింది. నలభై అయిదేళ్ల వయసులో బస్సులో పాట పాడానని ఇంట్లో చెబితే నా కూతుళ్లు నమ్మలేదు.

ఇక ఆ అంకెల సంగతి. ప్రతి ఫైలుకూ కంప్యూటర్ ఒక వేలిముద్ర తీస్తుంది. అంకెలూ కొన్ని ఇంగ్లిష్ అక్షరాలూ కలిసిన పొడవాటి వరుస అది. నా దగ్గరున్న ఫైలూ, బీదర్‌లో ఉన్న ఫైలూ అచ్చం ఒకటే అయితే రెండింటి వేలిముద్రా ఒకటే వస్తుంది. ఎక్కడైనా పిసరంత తేడా ఉంటే వరుసంతా మారిపోతుంది. శిక్షణలో ఇది చెప్పినప్పుడు నేనూ బీదర్ సారూ శ్రద్ధగా విన్నాం. సరిచూడటం ఎలాగో చెప్పినప్పుడు చీటీలు మార్చుకుంటున్నాం. అందుకే ఇద్దరం ఫోన్ పట్టుకుని ఒక్కో ఫైలు వేలిముద్ర అక్షరం అక్షరం చదువుకుంటూ నాలుగు రోజులు గడిపాం. కలిసిన ప్రతిసారీ ఒళ్లు జలదరించేది. రెండు ఊళ్లలో, రెండు వేరే మెషీన్లు, ఒకరినొకరు చూడకుండా అదే మాట చెబుతున్నాయి.

పంతులు సార్ అంతా విని కుర్చీ నా కంప్యూటర్ దగ్గరికి జరుపుకున్నారు. తర్వాత, ఒక్క అక్షరం మారితే మొత్తం మారుతుందా, చూపించమన్నారు. ఒక ఉత్తరం ఫైలు తెరిచి కామా తీసేసి చూపించాను. వరుస మొత్తం మారిపోయింది. కామా మళ్లీ పెట్టమన్నారు. పాత వరుస తిరిగొచ్చింది. ఆయన చిన్నపిల్లవాడిలా చప్పట్లు కొట్టారు. ఆ రోజు పేపర్ చదవలేదు.

ఈ నాలుగు రోజుల పని గురించి ఉద్గీర్ మేడంకు గొప్పగా చెబితే ఆమె అంతా విని, తాయీ, దానికొక బటన్ ఉంటుంది అంది. బీదర్ సార్‌కు ఫోన్ చేసి చెప్పాను. ఆయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు.

పేర్ల దగ్గర మాత్రం ఏ బటనూ పనికిరాలేదు. అల్లం గురించి నా దగ్గర ఎన్నో రికార్డులున్నాయి. బీదర్ సార్ తన జాబితాలో వాటిని "శుంఠి" అని రాసుకున్నారు. కన్నడంలో అల్లాన్ని అలాగే అంటారు. మనకు శొంఠి అంటే ఎండుది. మేడం జాబితాలో అది "ఆలే". నేను అల్లం అని వెతికితే వాళ్ల దగ్గర ఏమీ లేదని వచ్చేది. ఎండు అల్లం వేరు, పచ్చి అల్లం వేరు అని నేనూ బీదర్ సారూ ఒక పూట గట్టిగానే వాదించుకున్నాం. చివరికి ప్రతిదానికీ మూడు పేర్లూ రాయాలని నిర్ణయించాం. పంతులు సార్ మూడు గడుల జాబితా గీసి, అందమైన చేతిరాతతో నింపడం మొదలుపెట్టారు. ఇప్పటికీ నింపుతూనే ఉన్నారు.

ఆ బటన్ నొక్కి ముగ్గురి దగ్గరున్నవీ ఒకేసారి సరిచూసిన రోజున అన్నీ కలిశాయి, ఒక్కటి తప్ప. అవ్వా వాళ్ల పెళ్లి పాట. నాదీ, బీదర్‌దీ ఒకటే. ఉద్గీర్‌ది వేరు. నాకు ఏ అనుమానమూ రాలేదు. రెండు ఒకవైపు, ఒకటి ఒకవైపు. మెజారిటీ ఉంది కదా అన్నారు పంతులు సార్. బీదర్ సారూ అదే అన్నారు. నేను ఉద్గీర్ మేడంకు రాశాను: మీ దగ్గరున్నది చెడిపోయింది, తీసేయండి, మంచిది పంపిస్తాను. ఆమె జవాబు వెంటనే వచ్చింది. వినకుండా దేన్నీ తీసేయను తాయీ, కాస్త తీరిక దొరకనివ్వండి అని. నిజం చెప్పాలంటే నాకు కొంచెం కోపం వచ్చింది. అంత సులభంగా తేలిపోయిన దానికి మళ్లీ వినడం ఎందుకు?

ఆ వారమే సంత రోజున అవ్వా, యారాలూ మెట్లెక్కి వచ్చారు. ఇద్దరి మధ్య మాటల్లేవు. చెరో బెంచీ మీద కూర్చున్నారు. అవ్వ మనవరాలి పెళ్లి కుదిరింది. పిల్లవాడిది కర్ణాటక వైపు, బీదర్‌కు దగ్గర ఊరు. పెళ్లిలో పాడటానికి పాట గుర్తు చేసుకుంటుంటే మూడో చరణం దగ్గర తగువొచ్చింది. వియ్యపురాలు తొమ్మిది భక్షాలు, అంటే బొబ్బట్లు, తిని పదోదాని కోసం ఏడ్చిందని అవ్వ అంటుంది. తినలేదు, కొంగులో మూటగట్టుకుందని యారాలు అంటుంది. మూడు రోజులుగా ఇంట్లో ఒకరి పొయ్యి మీద ఇంకొకరు వండటం లేదట.

"నీ డబ్బల ఉన్నది గద మా పాట," అంది యారాలు. "పెట్టు బిడ్డా. ఎవరిది అబద్ధమో తేలుతది."

నాకు ఎంత సంతోషమనిపించిందో. పాత రికార్డు కావాలని ఎవరో అడగడానికి రావడం అదే మొదలు. స్పీకర్ పెట్టాను. పంతులు సార్ పేపర్ మడిచి దగ్గరికి జరిగారు. మీసాల చరణం వచ్చింది. చెప్పుల చరణం వచ్చింది.

"పిల్లగాని చెప్పులు రెండూ ఎడమకాలివే
నడిసొచ్చె పిల్లగాడు వంకర సాలోలె."

అక్కడ కర్రుమని ఒక చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

మళ్లీ పెట్టాను. మళ్లీ అక్కడే కర్రు. బీదర్ సార్‌కు ఫోన్ చేసి, మీది పెట్టండి సార్ అన్నాను. ఫోన్‌లోంచి మీసాలు, చెప్పులు, కర్రు. అంతే.

నా మట్టిబుర్రకు అప్పుడు తట్టింది. బీదర్‌లో ఉన్నది నా డిస్క్ నుంచి పోయిందే కదా. నాది అంతకుముందే చెడిపోయి ఉంటే ఆయనదీ అలాగే చెడి ఉంటుంది. రెండూ అచ్చం ఒకేలా చెడి ఉంటాయి. అది పంతులు సార్‌కు చెబితే ఆయన నుదురు కొట్టుకున్నారు.

"ఒకనిది సూసి ఇంకొకడు రాస్తె ఇద్దరి జవాబు ఒక్కటే ఉంటది. గా తప్పుతోని సహా. ముప్పై ఏండ్లు పేపర్లు దిద్దిన. నాకైన తెల్వాలె గద."

ఉద్గీర్ మేడం మాత్రం కార్డు నుంచి నేరుగా తీసుకుంది, కరెంటు లేని రోజున. ఆమె దగ్గరున్నది వేరుగా ఉందంటే అదే మంచిదన్నమాట. దాన్నే నేను తీసేయమన్నాను. ఆ కార్డు డబ్బాలో ఉందేమోనని వెతికాను. కార్డు దొరికింది కానీ, మేడం వచ్చి వెళ్లాక నేనే దాన్ని చెరిపి ఇంకో రికార్డింగ్‌కు వాడేశాను. ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. నాలుగు సార్లు. నా మొహం చూసి ఆడవాళ్లిద్దరూ తగువు మరిచిపోయి ఒకే బెంచీ మీదికి చేరారు. ఏమైంది బిడ్డా అని అవ్వ అడుగుతుంటే మళ్లీ నంబరు నొక్కాను.

అయిదోసారి మేడం ఎత్తింది. గొంతులో నవ్వుంది.

తాయీ, ఇప్పుడు మీ పాటే వింటున్నాను, మూడోసారి అంది. ఒక్క ముక్క అర్థం కావడం లేదట. పాట ఎక్కడో ఆగిపోయిందట, తర్వాతంతా ఇద్దరు ఆడవాళ్లు నవ్వుతూనే ఉన్నారట. వాళ్ల నవ్వు విని ఆమెకూ నవ్వు పట్టుకుందట, పక్క గదిలోవాళ్లు వచ్చి కూర్చున్నారట. చెప్పడం ఆపి, కొంటెగా అడిగింది: "తీసేయమంటారా?"

నేను హిందీ, తెలుగు, నాకు రాని మరాఠీ కలిపి వద్దని ఎన్నిసార్లన్నానో నాకే తెలియదు.

ఆమె నెట్‌లో పంపింది. మా దగ్గర నెట్ చెరుకు బండి నడకలా నడుస్తుంది. తెర మీద ఆకుపచ్చ గీత మెల్లగా జరుగుతుంటే నలుగురం దాని ముందు కూర్చున్నాం. ఎంతదాకా వచ్చిందని యారాలు అడిగింది. పంతులు సార్ గీత వంక చూసి, ఉద్గీర్ రైలు ఎక్కడిదాకా వచ్చిందో ప్రయాణికులకు చెప్పినట్టు, భాల్కి దాటిందన్నారు. కాసేపటికి బీదర్ వచ్చిందన్నారు. బీదర్‌లో చాలాసేపు ఆగింది. క్రాసింగ్ ఉన్నట్టుందన్నారు. ఈలోగా వాళ్ల షేర్ ఆటో నిండి, ఒక హారన్ కొట్టి వెళ్లిపోయింది. ఇద్దరూ లేవలేదు.

వచ్చింది. ముందు వేలిముద్ర సరిచూశాను, ఉద్గీర్‌దానితో కలిసింది. అప్పుడు పెట్టాను. మీసాలు. చెప్పులు. కర్రుమనలేదు. ఒక్క క్షణం మెట్ల మీది గాలి చప్పుడు, దూరంగా లారీ. తర్వాత యారాలు గొంతు, "వియ్యపురాలు" అని ఎత్తుకుంది. అంతే, ఆగింది. ఆమెకు తర్వాతి మాట రాలేదు. అవ్వ గొంతు ఏదో అందించబోయి అదీ ఆగింది. నిశ్శబ్దం. ఆ తర్వాత ఎవరు మొదలుపెట్టారో తెలియదు, ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. ఊపిరాడనంతగా నవ్వారు. మధ్యలో మూడో గొంతు కూడా నవ్వుతోంది. అది నాదేనని గుర్తుపట్టడానికి కొంత సమయం పట్టింది. మూడోది రాదా అవ్వా అని నేను అడుగుతున్నాను. రాదు బిడ్డా, మూడోది మాకెవ్వరూ నేర్పలే అని అవ్వ అంటోంది.

యారాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అవ్వ వైపు చూసింది.

"అక్కా, మూడోది అసలు లేకుండె."

మూడు రోజులు లేని చరణం కోసం కొట్లాడుకున్నారు. అవ్వ అంత గట్టిగా నవ్వడం అంతకుముందు రికార్డులో తప్ప ఎక్కడా వినలేదు. స్పీకర్‌లో నవ్వు, బెంచీ మీద నవ్వు, ఏది ఎక్కడిదో తెలియలేదు. పంతులు సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. కింద దుకాణంవాళ్లు ఏమైందోనని పైకి వచ్చి, ఏమీ తెలియకుండానే నవ్వారు.

మూడో చరణం ఆ మధ్యాహ్నమే కట్టారు. సగం అవ్వది, సగం యారాలుది.

"వియ్యపురాలు తొమ్మిది భక్షాలు తినె
పదోది కొంగుల గట్టి పందిరెనక ఏడ్సె."

రికార్డు చేశాను. ఈసారి బీదర్‌కూ, ఉద్గీర్‌కూ రెండింటికీ కార్డు నుంచే నేరుగా పంపాను. ఏ కాపీ దేని నుంచి తీసిందో పక్కనే రాయడం, వేరుగా ఉన్నదాన్ని చివరిదాకా వినకుండా ముట్టుకోకపోవడం ఆ రోజు నుంచి మాకు అలవాటైంది. ఎవరు వినొచ్చు, ఎవరు వినకూడదు అనే గడి కూడా మా జాబితాలో ఉంటుంది. దాంట్లో ఏం రాయమంటావని అవ్వను అడిగాను. ఆలోచించి, పెళ్లి అయ్యేదాకా పిల్లగాని తరఫువాళ్లకు వినిపించవద్దని రాయమంది. అలాగే రాశాను. మరునాడు బీదర్ సార్ చాలా మర్యాదగా ఫోన్ చేశారు. వాళ్లమ్మ పుట్టిల్లు పిల్లవాడి ఊరి పక్కనేనట. తను వినొచ్చా కూడదా అని సందేహం. సంతదాకా ఆగి అవ్వను అడిగి చెప్పాను: మీరు వినండి, అమ్మకు చెప్పకండి అంది అని. ఆయన మాట నిలబెట్టుకున్నారు. ఎంత కష్టమైందో తర్వాత చెప్పారు.

పెళ్లి పగటిపూటే, అవ్వ వాళ్ల ఊళ్లో. నేను రికార్డర్ చేతిలో పట్టుకుని పందిట్లో ఆడవాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. అవ్వా, యారాలూ మూడు చరణాలూ ఒక్క మాట తప్పకుండా పాడారు. భక్షాల దగ్గర పందిరి ఎగిరిపోతుందేమో అనిపించింది. అంతలో మగపెళ్లివాళ్ల వైపు నుంచి ఒక నల్లటి, లావాటి పెద్దావిడ లేచి, చీర సర్దుకుని, అదే వరసలో కన్నడంలో జవాబు పాడింది. వాళ్లవాళ్లంతా విరగబడి నవ్వారు. మా వాళ్లకు సగమే అర్థమై, పూర్తిగా అర్థమైనట్టు మొహాలు పెట్టారు. ఆమె ఏమందో యారాలు నన్ను అడిగింది. నాకూ తెలియలేదు.

సోమవారం ఇద్దరినీ పిలిచాను. బీదర్ సార్ బస్సులో, ఉద్గీర్ మేడం రైల్లో వచ్చారు. శిక్షణ తర్వాత ముగ్గురం ఒకే గదిలో కూర్చోవడం అదే మొదటిసారి. పంతులు సార్ అందరికీ చాయ్ తెప్పించారు. రికార్డు మొదటినుంచి చివరిదాకా విన్నాం. బీదర్ సార్ కన్నడం ఆపి ఆపి చెప్పారు: మీ భక్షాల మూట విప్పి చూస్తే లోపల పూర్ణం లేదు, పూర్ణం ఏదని అడిగితే ఇద్దరు అవ్వలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దాన్ని నేను హిందీలో చెబుతుంటే ఉద్గీర్ మేడం బల్ల మీద గుద్దుతూ, భక్షాలు కాదు, పురణ్ పోళీ అని రాసుకుంది. హోళిగె అన్నారు బీదర్ సార్. పంతులు సార్ మూడూ రాశారు.

చివర్లో ఒక మాట దగ్గర బీదర్ సార్ ఆగిపోయారు. అది ఆయనకూ తెలియదు. నాలుగుసార్లు వెనక్కి తిప్పి విని, ఇక లాభం లేదని వాళ్లమ్మకు ఫోన్ చేశారు. పెళ్లి అయిపోయింది కాబట్టి ఇప్పుడు వినిపించవచ్చు. ఫోన్‌ను స్పీకర్ దగ్గర పెట్టారు. ఆమె విని, ఆ మాటకు అర్థం చెప్పి, ఇన్నాళ్లూ దాచినందుకు కొడుకును బాగా తిట్టి, మీకు రాని చరణం ఇంకోటి ఉందని తనే పాడటం మొదలుపెట్టింది. వణుకుతున్నా గట్టి గొంతు. నేను రికార్డర్ ఆన్ చేసి ఫోన్ పక్కన పెట్టాను. ఒకటి అయిపోయింది, ఇంకోటి అందుకుంది. ఆ తర్వాత ఇంకోటి. మేం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. టైమైందని ఎవరైనా చెప్పాల్సింది కానీ ఎవరూ చెప్పలేదు. సాయంత్రం రైలు ఉద్గీర్ మేడం లేకుండానే వెళ్లిపోయింది.